ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కు డిస్‌ప్లే డ్రైవర్: అమర్చే క్రమం

కంప్యూటర్ తెర మీద కనిపించే ప్రతి చుక్కనూ లెక్కగట్టి పంపే భాగం గ్రాఫిక్స్ విభాగం. అది విడి కార్డుగా కాక మదర్‌బోర్డు చిప్‌సెట్‌లోనో, ప్రాసెసర్ లోపలో కలిసిపోయి ఉంటే దాన్ని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. దుకాణాల వాడుకలో అదే ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్. ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పిన పనిని ఈ విభాగానికి తెలిసే ఆదేశాలుగా మార్చి అందించే సాఫ్ట్‌వేరే డిస్‌ప్లే డ్రైవర్. ఒడిశాలోని గంజాం జిల్లాలో హుమ్మ, రంభ, ఛత్రపురం వంటి ఊళ్ళలో జెరాక్సు దుకాణాల నుంచి బరంపురం కార్యాలయాల దాకా దరఖాస్తులకూ, ఉత్తరాలకూ, లెక్కలకూ ఎక్కువగా వాడేది ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ యంత్రాలనే. అక్షరాలు అలికినట్టు కనిపించినా, బొమ్మ సాగిపోయినా, తెర నల్లబడినా అందరి నోటా ముందు వచ్చే మాట ‘డ్రైవర్ పోయింది’ అన్నదే. ఆ మాట కొన్నిసార్లు నిజం, చాలాసార్లు కాదు. తేల్చుకోవడానికి ఒక వరుస ఉంది. ఆ వరుస తెలియాలంటే ఈ విభాగం ఎక్కడ ఉంటుందో, ఎలా పనిచేస్తుందో ముందు తెలియాలి.

తొలినాళ్ళ పర్సనల్ కంప్యూటర్లలో గ్రాఫిక్స్‌కు విడి కార్డు, ఆ కార్డు మీద దాని సొంత మెమరీ ఉండేవి. యంత్రం ధర తగ్గించడం కోసం ఆ కార్డును తీసేసి, దాని పనిని మదర్‌బోర్డు మీది చిప్‌కు అప్పగించే పద్ధతి 1990ల చివర్లో ఊపందుకుంది. ఇంటెల్ కంపెనీ 1999లో తెచ్చిన 810 చిప్‌సెట్ చవక యంత్రాల్లో ఈ పద్ధతిని బాగా వ్యాపింపజేసింది. తర్వాత 815, 845జీ, 865జీ వచ్చాయి. 2004లో 915జీతో పాటు జీఎంఏ 900, 2005లో 945జీతో పాటు జీఎంఏ 950 అనే గ్రాఫిక్స్ వచ్చాయి. ఎస్ఐఎస్, వయా, ఏటీఐ, ఎన్‌విడియా కంపెనీలు కూడా ఇలాంటి చిప్‌సెట్లు చేశాయి. 2010లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను ప్రాసెసర్ ప్యాకేజీలోకి తెచ్చింది. 2011 జనవరిలో వచ్చిన రెండో తరం కోర్ ప్రాసెసర్లలో అది ప్రాసెసర్ చిప్‌లోనే కలిసిపోయింది. ఏఎండీ కూడా అదే ఏడాది ఏపీయూ పేరుతో ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్‌నూ ఒకే చిప్ మీద పెట్టి అమ్మింది.

ఈ చరిత్ర వల్ల చేతికి అందే ప్రయోజనం ఒకటుంది. 2010కి ముందు యంత్రానికి డ్రైవర్ వెతకాలంటే మదర్‌బోర్డు చిప్‌సెట్ నంబరు కావాలి. ఆ తర్వాతి యంత్రానికైతే ప్రాసెసర్ నంబరు కావాలి. ఇంకో మెలిక కూడా ఉంది. ఇంటెల్ 2019 నుంచి నంబరు చివర ఎఫ్ అక్షరం పెట్టి అమ్ముతున్న డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ విభాగం వాడకానికి ఉండదు. ఏఎండీ రైజెన్‌లో 7000 వరసకు ముందు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, నంబరు చివర జీ అక్షరం ఉన్న రకాలకు మాత్రమే గ్రాఫిక్స్ ఉంటుంది. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్‌ను కొని, మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు కనిపిస్తోంది కదా అని అక్కడ కేబుల్ పెడితే తెర వెలగదు. పోర్టు ఉన్నంత మాత్రాన లోపల బొమ్మ గీసేది ఉన్నట్టు కాదు. అలాంటి యంత్రానికి ఏ డ్రైవరూ పనికిరాదు, విడి కార్డు కొనాల్సిందే.

విడి కార్డుకూ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కూ అసలు తేడా మెమరీలో ఉంది. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ సొంత పొలం లేని కౌలు రైతు లాంటిది: ప్రాసెసర్ వాడుకునే ర్యామ్‌లోనే కొంత చెక్క తీసుకుని సాగు చేస్తుంది. ఆ చెక్కలో కొంత భాగాన్ని యంత్రం ఆన్ కాగానే, మదర్‌బోర్డులో ఉండే తొలి ప్రోగ్రామ్ అయిన బయాస్ విడదీసి పెడుతుంది. మిగిలినది పనిని బట్టి డ్రైవర్ అడిగి తీసుకుంటుంది, పని అయ్యాక తిరిగి ఇస్తుంది. అందుకే 4 జీబీ ర్యామ్ వేసిన యంత్రంలో వాడుకోదగింది 4 జీబీ కంటే కాస్త తక్కువగా కనిపిస్తుంది. ర్యామ్ పాడైందని దాని అర్థం కాదు.

ఎంత మెమరీ కావాలో లెక్క కట్టడం కష్టం కాదు. తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటే మొత్తం 20 లక్షల 73 వేల 600 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 4 బైట్లు చొప్పున ఒక బొమ్మకు దాదాపు 83 లక్షల బైట్లు, అంటే 8 ఎంబీకి అటూఇటూ. తెర మీద బొమ్మను నిలబెట్టడానికే సెకనుకు 60 సార్లు ఆ మొత్తాన్ని మెమరీ నుంచి చదవాలి. అంటే సెకనుకు దాదాపు 50 కోట్ల బైట్లు. ఏ పనీ చేయకుండా తెర ఊరికే వెలుగుతున్నా ఈ చదువు సాగుతూనే ఉంటుంది. డీడీఆర్4 రకం 2400 వేగపు ర్యామ్ ఒక్క చానెల్ మీద సెకనుకు గరిష్ఠంగా 1,920 కోట్ల బైట్లు అందిస్తుంది. అదే మొత్తం ర్యామ్‌ను రెండు పలకలుగా రెండు చానెళ్ళలో వేస్తే 3,840 కోట్లు. కాబట్టి 8 జీబీ ఒకే పలకగా కాక 4 జీబీ పలకలు రెండు వేయడం ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కు మేలు. వీడియోలూ ఆటలూ నెమ్మదిగా ఉన్నాయన్న ఫిర్యాదులు కొన్ని డ్రైవర్ మార్చితే తీరవు, రెండో పలక వేస్తే తీరతాయి.

బయాస్‌లో ఈ కేటాయింపును మార్చే చోటు ఉంటుంది. ఇంటెల్ యంత్రాల్లో దాని పేరు డీవీఎంటీ ప్రీ-అలకేటెడ్, ఏఎండీ యంత్రాల్లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్. దీన్ని పెద్ద అంకెకు పెంచితే వేగం పెరుగుతుందని చాలామంది నమ్మకం. ఇంటెల్ విభాగం మిగతా మెమరీని అవసరం కొద్దీ ఎలాగూ తీసుకుంటుంది కనుక పెంచి లాభం తక్కువ, తక్కువ ర్యామ్ ఉన్న యంత్రంలో పైగా నష్టం. కర్మాగారం నుంచి వచ్చిన అంకెను అలాగే ఉంచడం మంచిది. ఏదైనా ప్రోగ్రామ్ ఇంత గ్రాఫిక్స్ మెమరీ ఉండాలని పట్టుబట్టినప్పుడే మార్చాలి.

డ్రైవర్ చేసే పనులు ముఖ్యంగా మూడు. మొదటిది తెర కొలతనూ, సెకనుకు ఎన్నిసార్లు గీయాలో ఆ వేగాన్నీ నిర్ణయించి గడియారాన్ని సరిచేయడం. 1024 బై 768 కొలతను సెకనుకు 60 సార్లు గీయాలంటే, అంచుల్లో కనిపించని ఖాళీలతో కలిపి అడ్డంగా 1344, నిలువుగా 806 లెక్కన సెకనుకు 6 కోట్ల 50 లక్షల చుక్కలు పంపాలి. రెండోది మెమరీని పంచడం. మూడోది వేగం: కిటికీలు జరపడం, త్రిమితీయ బొమ్మలు గీయడం, వీడియో విప్పడం వంటి పనులను ప్రాసెసర్ మీద వేయకుండా గ్రాఫిక్స్ విభాగంతోనే చేయించడం. సరైన డ్రైవర్ లేకపోయినా యంత్రం పూర్తిగా మూగబోదు. ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర అన్ని యంత్రాలకూ సరిపోయే సాదా డ్రైవర్ ఒకటి ఉంటుంది. అది బయాస్ ఏర్పాటు చేసిన కొలతతో బొమ్మను నిలబెడుతుంది, వేగం మాత్రం ఇవ్వదు. వీడియో తడబడుతూ, ప్రాసెసర్ పంకా హోరెత్తుతూ ఉంటే ఆ సాదా డ్రైవరే నడుస్తోందేమో చూడాలి.

కొలత నిర్ణయించాలంటే ఎదుట ఉన్న మానిటర్ ఏమిటో డ్రైవర్‌కు తెలియాలి. ఆ సమాచారం మానిటర్ లోపలే ఉంటుంది. వీసా అనే ప్రమాణాల సంఘం 1994లో రూపొందించిన పద్ధతి ప్రకారం ప్రతి మానిటరూ తన తయారీదారు, తెర వెడల్పు, ఎత్తు, తనకు నప్పే కొలతలు అన్నీ 128 బైట్ల చిట్టాలో దాచుకుంటుంది. దాని పేరు ఈడీఐడీ. కొత్త తెరల్లో దీనికి అనుబంధాలూ ఉంటాయి. మానిటర్ కేబుల్ పెట్టగానే యంత్రం ఈ చిట్టాను చదువుతుంది. చివరి బైటు సరిచూపు అంకె. 128 బైట్లూ కూడితే వచ్చే మొత్తం 256తో నిశ్శేషంగా భాగింపబడాలి. ఒక్క బైటు తప్పు చదివినా చిట్టా చెల్లదు. అప్పుడు డ్రైవర్ ఏ తెరకైనా సరిపోయే చిన్న కొలత, సాధారణంగా 1024 బై 768, ఎంచుకుంటుంది. వెడల్పు తెర మీద ఆ కొలత సాగిపోయి అక్షరాలు లావెక్కి అలుక్కుపోతాయి. చూసేవారికి ఇది అచ్చంగా డ్రైవర్ పోయినట్టే ఉంటుంది. నిజానికి డ్రైవర్ బాగానే ఉంది, చిట్టా అందలేదు.

చిట్టా అందకపోవడానికి హుమ్మ వంటి ఊళ్ళలో ప్రత్యేకంగా చూడవలసిన కారణం గాలి. ఒకవైపు చిలికా సరస్సు, మరోవైపు బంగాళాఖాతం, చుట్టూ ఉప్పు మడులు. గాలిలో తేలే సన్నని ఉప్పు లోహాల మీద చేరుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి తడి పొరగా మారుతుంది. తీరంలో వానాకాలమంతా అలాంటి రోజులు మామూలే. ఆ తడి పొర కింద చవక కేబుళ్ళ పిన్నుల మీది పలచని పూత పాడై, లోపలి లోహం చిలుం పడుతుంది. పాత నీలం రంగు వీజీఏ కేబుల్‌లో 15 పిన్నులుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు 1, 2, 3 పిన్నుల మీదుగా వెళ్తాయి. ఈడీఐడీ చిట్టా 12, 15 పిన్నుల మీదుగా వస్తుంది. చిలుం ఈ రెండింటిలో దేన్ని పట్టినా బొమ్మ రంగులు చక్కగా ఉండి కొలత మాత్రం తప్పిపోతుంది. నీలం పిన్ను పోతే తెల్లని కాగితం పసుపుగా, ఎరుపు పిన్ను పోతే నీలి ఆకుపచ్చగా కనిపిస్తుంది. డ్రైవర్ లోపం సాధారణంగా తెరంతటినీ ఇలా ఒకే రంగులో ముంచదు. రంగు మొత్తంగా మారితే ముందు పట్టుకోవలసింది కేబుల్‌నే.

హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనూ ఇదే ఏర్పాటు ఉంది. అక్కడ చిట్టా 15, 16 పిన్నుల మీదుగా వస్తుంది, తెర తగిలిందన్న కబురు 19వ పిన్ను ఇస్తుంది. ఆ కబురు ఆగుతూ సాగుతూ ఉంటే తెర ఆరిపోయి వెలుగుతూ ఉంటుంది. ర్యామ్ పలకల అంచుల మీది పూత పట్టీలకూ ఉప్పు గాలి బెడద తప్పదు. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ బొమ్మను ర్యామ్‌లోనే దాచుకుంటుంది కనుక ర్యామ్ తాకిడి సరిగా లేకపోతే తెర మీద చారలు, రంగురంగుల గళ్ళు పడతాయి, కొన్నిసార్లు యంత్రం ఆన్ కాకుండా బీప్ శబ్దాలు చేస్తుంది. విడి కార్డు ఉన్న యంత్రంలో ఇలాంటి గళ్ళు కార్డు లోపాన్ని సూచిస్తాయి. ఆన్‌బోర్డ్ యంత్రంలో ర్యామ్‌ను ముందు అనుమానించాలి. కరెంటు తీగ పూర్తిగా పీకి, పలకను తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో పట్టీలు తుడిచి, ఆరాక తిరిగి గట్టిగా నొక్కి బిగించాలి.

ఇక అమరిక క్రమం. మొదటి మెట్టు కేబుల్. రెండు కొసలూ తీసి చూసి, మరలు బిగించి, వీలైతే బాగా పనిచేస్తున్న మరో యంత్రం కేబుల్ పెట్టి చూడాలి. విడి కార్డు ఉన్న యంత్రమైతే కేబుల్ కార్డుకే తగిలించారా, పొరపాటున మదర్‌బోర్డుకా అన్నదీ గమనించాలి. విడి కార్డు పెట్టగానే చాలా బయాస్‌లు ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. రెండో మెట్టు గుర్తింపు. విండోస్‌లో స్టార్ట్ బొత్తాం మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిస్తే డిస్‌ప్లే అడాప్టర్స్ అన్న వరస కింద పేరు కనిపిస్తుంది. అక్కడ ఇంటెల్ లేదా ఏఎండీ పేరు, నంబరు ఉంటే డ్రైవర్ ఉన్నట్టే. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే సాదా డ్రైవర్ నడుస్తున్నట్టు. విండోస్ 7లో దీని పేరు స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్. మానిటర్స్ వరస కింద జెనరిక్ పీఎన్‌పీ మానిటర్ అని ఉంటే చిట్టా అందింది. జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్ అని ఉంటే అందలేదు, మళ్ళీ కేబుల్ దగ్గరికి వెళ్ళాలి. ఈ రెండు వరసలూ చూడటానికి నిమిషం పట్టదు, కానీ అనవసరంగా విండోస్ మొత్తం మళ్ళీ ఎక్కించే శ్రమ తప్పుతుంది.

పేరు తెలియనప్పుడు నంబరు చూడాలి. అదే వరస మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే తయారీదారు గుర్తు, పరికరం గుర్తు రెండూ ఉంటాయి. తయారీదారు గుర్తు 8086 అయితే ఇంటెల్, 1002 అయితే ఏఎండీ. ఆ రెండో గుర్తుతో ఏ తరం గ్రాఫిక్సో కచ్చితంగా తేలుతుంది.

మూడో మెట్టు డ్రైవర్ తెచ్చుకోవడం. ల్యాప్‌టాప్ అయితే ముందు ఆ ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చినదాన్ని, డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు తయారీదారు ఇచ్చినదాన్ని వాడాలి. అక్కడ పాతది మాత్రమే ఉంటే చిప్ తయారీదారు ఇచ్చే సాధారణ డ్రైవర్ చూడాలి. విండోస్ 10, 11 అయితే ఇంటర్నెట్ తగిలించి విండోస్ అప్‌డేట్‌ను కాసేపు నడవనిస్తే చాలాసార్లు సరిపోయే డ్రైవర్ దానంతటదే వస్తుంది. ‘మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి’ అని బెదిరించి డబ్బు అడిగే ప్రోగ్రాములను దూరం పెట్టాలి. వాటి వెంట ప్రకటనల చెత్త, ఒక్కోసారి వైరస్‌లు వస్తాయి. 32 బిట్ల విండోస్‌కు 64 బిట్ల డ్రైవర్ ఎక్కదు. ఎక్స్‌పీ కాలం డ్రైవర్ పద్ధతి వేరు. 2007లో విస్టాతో డబ్ల్యూడీడీఎం అనే కొత్త పద్ధతి వచ్చింది. అందుకే ఎక్స్‌పీలో చక్కగా నడిచిన కొన్ని పాత చిప్‌సెట్లకు కొత్త విండోస్‌లో డ్రైవరే లేదు.

నాలుగో మెట్టు ఎక్కించడం, పరీక్షించడం. ముందు సిస్టమ్ రిస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి. డ్రైవర్ ఎక్కుతున్నప్పుడు తెర ఒకటి రెండు సార్లు నల్లబడటం మామూలే, కంగారుపడి కరెంటు ఆపకూడదు. కొలత మార్చినప్పుడు కొత్త అమరికను ఉంచాలా అని విండోస్ అడిగి, 15 సెకన్లలో జవాబు రాకపోతే పాత కొలతకు వెళ్ళిపోతుంది. అందుకే తెర నల్లబడితే ఏదీ నొక్కకుండా ఆ 15 సెకన్లు ఆగడం ఉత్తమం. కొత్త డ్రైవర్ వల్లే తంటా మొదలైతే డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ పేరు మీద ప్రాపర్టీస్ తెరిచి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కాలి. తెర అసలే కనిపించకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాలి. అక్కడ సాదా డ్రైవరే నడుస్తుంది కనుక తెర కనిపిస్తుంది, తప్పు డ్రైవర్‌ను అక్కడ తీసేయవచ్చు.

పని మధ్యలో తెర ఒక క్షణం ఆరి, డ్రైవర్ స్పందించడం ఆగి తిరిగి కోలుకుంది అన్న సందేశం వచ్చే సందర్భం ఇంకొకటి. విస్టా నుంచి విండోస్‌లో ఒక కాపలా ఉంది. గ్రాఫిక్స్ విభాగం ఇచ్చిన పనికి 2 సెకన్లలో స్పందించకపోతే విండోస్ దాన్ని తిరిగి మొదలుపెడుతుంది. ఇది ఎప్పుడో ఒకసారి జరిగితే పట్టించుకోనక్కర్లేదు. తరచూ జరిగితే డ్రైవర్, ర్యామ్, వేడి, ఈ మూడింటినీ ఆ వరసలో పరిశీలించాలి. పంకాలో పేరుకున్న దుమ్ము ప్రాసెసర్‌ను వేడెక్కిస్తే గ్రాఫిక్స్ కూడా అదే చిప్‌లో ఉంది కనుక దానికీ ఆ వేడి తగులుతుంది. విండోస్ 8 తర్వాత వచ్చిన రకాల్లో విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే తిరిగి మొదలవుతుంది. తెరిచి ఉన్న పని పోదు.

లినక్స్‌లో దారి కొంత వేరు. ఇంటెల్, ఏఎండీ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు లినక్స్ కెర్నెల్‌లోనే వస్తాయి. ఇంటెల్‌లో చాలా రకాలకు ఐ915, ఏఎండీ పాత రకాలకు రేడియాన్, కొత్త రకాలకు ఏఎండీజీపీయూ. విడిగా తెచ్చి ఎక్కించే పని సాధారణంగా ఉండదు. సీడాక్ సంస్థ 2007లో విడుదల చేసిన, తెలుగు, ఒడియా వంటి భారతీయ భాషలకు తోడ్పడే బాస్ లినక్స్ అయినా, తెలుగు తెరల కోసం హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ చేసిన పని అయినా డెబియన్ అనే లినక్స్ రకం పునాది మీద నిలిచినవే. కాబట్టి కింద చెప్పే పద్ధతి వాటికీ వర్తిస్తుంది.

ఒకప్పుడు ఎక్స్‌ఫ్రీ86, 2004 తర్వాత ఎక్స్ డాట్ ఆర్గ్ తెర వ్యవస్థకు ఆకృతీకరణ దస్త్రాన్ని చేత్తో రాయాల్సి వచ్చేది. డ్రైవర్ పేరు, పీసీఐ బస్ మీది చోటు, మానిటర్ పౌనఃపున్యాలు అన్నీ అందులో ఉండేవి. ఇంటెల్ 855, 915 చిప్‌సెట్లున్న ల్యాప్‌టాప్‌లలో బయాస్ జాబితాలో 1280 బై 800 వంటి వెడల్పు కొలతలు లేక, ఆ జాబితానే మార్చే 915 రిజొల్యూషన్ అనే చిన్న ప్రోగ్రామ్ వాడేవారు. 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నెల్‌తో తెర కొలతను నిర్ణయించే పని ఇంటెల్ గ్రాఫిక్స్‌కు కెర్నెల్‌లోకే చేరింది. దాంతో ఆ దస్త్రం అవసరం చాలామటుకు పోయింది. ఇప్పుడు ఆ దస్త్రం ఉండటమే చాలాసార్లు జబ్బుకు మూలం. పాత సూచనలు చూసి ఎవరో వీసా డ్రైవర్ పేరు రాసిపెడితే, మంచి డ్రైవర్ ఉన్నా పక్కనపడుతుంది. ఆ దస్త్రానికి వేరే పేరు పెట్టి పక్కకు తీసి యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టడం తొలి చికిత్స. రెండో అనుమానం నోమోడ్‌సెట్ అన్న మాట. సిస్టమ్ ఎక్కించేటప్పుడు తెర నల్లబడకుండా ఆ మాట చేరుస్తారు. పని అయ్యాక గ్రబ్ అనే బూట్ లోడర్ అమరికలో అది మిగిలిపోతే అసలు డ్రైవర్ ఎప్పటికీ లేవదు.

లినక్స్‌లో గుర్తింపుకు ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం చాలు. దానికి కె అన్న గుర్తు చేర్చి ఇస్తే గ్రాఫిక్స్ విభాగం పేరు కింద ఏ కెర్నెల్ డ్రైవర్ వాడుకలో ఉందో చూపిస్తుంది. ఇంటెల్ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ సాధారణంగా సున్నా సున్నా, సున్నా రెండు, సున్నా అన్న చోట ఉంటుంది. వేగం అందుతోందో లేదో తెలియాలంటే బొమ్మ గీసే భాగం (రెండరర్) పేరు చూడాలి. అక్కడ ఎల్ఎల్‌వీఎం పైప్ అని ఉంటే గీసే పనంతా ప్రాసెసరే మోస్తోందని అర్థం. ఏఎండీ గ్రాఫిక్స్‌కు ఫర్మ్‌వేర్ అనే చిన్న దస్త్రాలు కూడా కావాలి. డెబియన్ 2023లో వచ్చిన 12వ కూర్పు నుంచి వాటిని స్థాపన డిస్కులోనే చేర్చింది. అంతకుముందు కూర్పుల్లో విడిగా చేర్చుకోవాలి.

తెర కొలత విషయంలో సూత్రం ఒకటే. ద్రవ స్ఫటిక తెరకు సహజ కొలత ఒకటి ఉంటుంది, దానిలోనే నడపాలి. అక్షరాలు చిన్నగా ఉన్నాయని కొలత తగ్గించకూడదు. స్కేల్ అన్న చోట 125 లేదా 150 శాతం పెట్టాలి. కొలత తగ్గిస్తే తెర ఒక చుక్కను ఒకటిన్నర చుక్కగా సాగదీయాల్సి వచ్చి అంచులు మసకబారతాయి. ఈ మసక ఇంగ్లీషు కంటే తెలుగును ఎక్కువ దెబ్బతీస్తుంది. ధకూ థకూ నడుమ ఉన్న తేడా లోపలి చుక్క ఒక్కటే. పకూ ఫకూ తేడా కింది చిన్న గీత. భూమి పత్రాల్లో ఊరి పేర్లు, ఇంటిపేర్లు దిద్దేటప్పుడు ఆ చుక్క, ఆ గీత కనబడకపోతే తప్పు అచ్చులోకి వెళ్తుంది. తెలుగు అక్షరాల బదులు ఖాళీ గళ్ళు కనిపించడం మాత్రం వేరే సంగతి. అది ఫాంటు లేకపోవడం, డ్రైవర్‌తో దానికి సంబంధం లేదు.

1366 బై 768 కొలత తెరలతో ఒక చిక్కుంది. 1366ను 8తో భాగిస్తే శేషం మిగులుతుంది, పాత కొలతల సూత్రాలు 8 గుణిజాలనే ఒప్పుకుంటాయి. అందుకే కొన్ని యంత్రాలు 1360 బై 768 అని చూపిస్తాయి. అక్షరాలు స్పష్టంగా ఉంటే దాన్ని అలాగే వదిలేయవచ్చు. టీవీని హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు అంచులు కోసుకుపోతే డ్రైవర్‌ను కాక ముందు టీవీ అమరికనే చూడాలి. బొమ్మను కొంచెం పెంచి చూపే అలవాటు టీవీలకు ఉంది, దాన్ని ఆపితే అంచులు తిరిగివస్తాయి. నలుపు బూడిద రంగులో కనిపిస్తే డ్రైవర్ పంపే రంగుల పరిధీ టీవీ ఎదురుచూసే పరిధీ కలవలేదన్నమాట. ఒకటి 0 నుంచి 255 వరకు, మరొకటి 16 నుంచి 235 వరకు లెక్కిస్తుంది. డ్రైవర్ అమరికలో రెంటినీ ఒకటి చేయాలి. 4కే తెరకు హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు సెకనుకు 30 బొమ్మలే ఇస్తుంది, 60 కావాలంటే 2.0 ఉండాలి. మానిటర్ మీద అవుట్ ఆఫ్ రేంజ్ అని వస్తే పంపుతున్న వేగం ఆ మానిటర్ పరిధి దాటిందని అర్థం. 60 హెర్ట్జ్‌కు దించాలి.

పాత యంత్రాల విషయంలో నిర్ణయం ముందే తీసుకోవాలి. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిశాయి. విండోస్ 11కు డైరెక్ట్‌ఎక్స్ 12నూ, డబ్ల్యూడీడీఎం 2.0 డ్రైవర్‌నూ అందుకునే గ్రాఫిక్స్ కావాలి. జీఎంఏ కాలపు చిప్‌సెట్లకు ఆ స్తోమత లేదు. అలాంటి యంత్రాన్ని రాతపనికి ఇంకొన్నాళ్ళు వాడాలంటే తేలికపాటి లినక్స్ మేలైన దారి. 945 చిప్‌సెట్‌ను కూడా కెర్నెల్‌లోని ఐ915 డ్రైవర్ నడపగలదు. 2008లో ఇంటెల్ ఆటమ్‌తో వచ్చిన జీఎంఏ 500 మాత్రం మినహాయింపు. దానిలో గ్రాఫిక్స్ ఇమాజినేషన్ టెక్నాలజీస్ సంస్థ నుంచి తీసుకున్నది కావడంతో లినక్స్‌లో దానికి సరైన వేగం దొరకలేదు.

చివరిగా కరెంటు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటిన తర్వాత గంజాం జిల్లాలో అనేక చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను లేని రోజుల్లోనూ గాలివానకు సరఫరా తెగడం తీరానికి కొత్త కాదు. డ్రైవర్ ఎక్కించేటప్పుడు కరెంటు పోతే సేఫ్ మోడ్‌తో సరిదిద్దుకోవచ్చు. బయాస్ మార్చేటప్పుడు పోతే మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చు. అందుకని బయాస్ జోలికి వెళ్ళే ముందు యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండాలి. తెర సవ్యంగా ఉన్నప్పుడు కొత్తది వచ్చిందన్న ఒక్క కారణంతో బయాస్‌ను మార్చనవసరం లేదు. చాలా రోజులు మూసి ఉంచిన యంత్రాన్ని వాన వెలిశాక వెంటనే ఆన్ చేయకుండా, పొడి గదిలో కొన్ని గంటలు ఉంచి, పిన్నులు తుడిచి ఆన్ చేయాలి.

కేబుల్, గుర్తింపు, డ్రైవర్, పరీక్ష: ఇదే వరస. మొదటి రెండు మెట్లకు ఖర్చు లేదు, ప్రమాదం లేదు. అక్కడే చాలా ఫిర్యాదులు తేలిపోతాయి. దుకాణం, బడి, కార్యాలయం నడిపేవారు తమ దగ్గరున్న ప్రతి యంత్రం ప్రాసెసర్ నంబరు, గ్రాఫిక్స్ పేరు, ఇప్పుడు సరిగా నడుస్తున్న డ్రైవర్ కూర్పు, మానిటర్ సహజ కొలత, ఈ నాలుగింటినీ ఒక కాగితం మీద రాసి యంత్రం పక్కన అతికించాలి. ఆ డ్రైవర్ దస్త్రాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో దాచాలి. తెర తేడా చేసిన రోజు మెకానిక్‌కు డబ్బు ఇచ్చే ముందు చూడవలసింది ఆ కాగితాన్నీ, కేబుల్ కొసనీ.